నొప్పి లేని గడ్డ

చంద్రగిరి దగ్గర ఒక ఊళ్లో మహిళా సంఘం సమావేశం ముగిశాక ఒకావిడ నన్ను పక్కకు పిలిచారు. రొమ్ములో గడ్డ చేతికి తగిలి ఆరు నెలలైందట. “నొప్పి ఉంటే వెంటనే చూపించుకునేదాన్నమ్మా. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పన్ను, కడుపు, మోకాలు, ఏది పాడైనా ముందు నొప్పే చెబుతుందని మనకు అలవాటు. రొమ్ము క్యాన్సర్ ఆ అలవాటుకు అందదు. చాలావరకు అది పాలు ప్రవహించే సన్నటి నాళాల లోపలి పొరలో, కణాలు అదుపు తప్పి పెరగడంతో మొదలవుతుంది. సెగగడ్డలా వేడి, సలుపు చాలావరకు ఉండవు. తొలిదశలో సాధారణంగా నొప్పీ ఉండదు. మన దేశ మహిళల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. 2022లో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా వచ్చిందనీ, 98 వేల మంది చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా. వ్యాధి ముదిరాక ఆసుపత్రికి రావడం ఇన్ని మరణాలకు ఒక పెద్ద కారణం.

చేటలో బియ్యం ఏరే చేతికి రాయి ఇట్టే దొరుకుతుంది. బియ్యం ఎలా ఉంటుందో ఆ చేతికి తెలుసు కనుక. రొమ్ముల విషయంలోనూ కావలసింది ఆ పరిచయమే. నెలసరి మొదలైన వారం, పది రోజులకు రొమ్ములు మెత్తగా ఉంటాయి, అప్పుడు చూసుకోవడం సులువు. నెలసరి ఆగిపోయినవారు నెలలో ఏదో ఒక తేదీ పెట్టుకుంటే చాలు. ముందు అద్దం ముందు నిలబడి, చేతులు పైకెత్తి, తర్వాత నడుముపై ఆనించి చూడాలి. ఎక్కడైనా సొట్ట పడిందా, చర్మం బత్తాయి తొక్కలా మారిందా, చనుమొన కొత్తగా లోపలికి పోయిందా? ఆ తర్వాత పడుకొని, మూడు వేళ్ల మెత్తని భాగంతో రూపాయి బిళ్లంత సున్నాలు చుడుతూ, మొదట తేలికగా, తర్వాత కొంచెం గట్టిగా, చివరికి ఎముక తగిలేలా నొక్కుతూ రొమ్మంతా తడమాలి. చంకను మరచిపోవద్దు. రొమ్ము పైభాగంలో చంక వైపు ఉన్న చోటే గడ్డలు ఎక్కువగా కనిపిస్తాయి. చనుమొన నుంచి రక్తం లాంటి స్రావం వస్తే ఆలస్యం చేయకూడదు.

అయితే ఒక నిజం దాచకూడదు. షాంఘై జౌళి మిల్లుల్లోని 2 లక్షల 66 వేల మంది మహిళలపై జరిగిన పెద్ద అధ్యయనంలో, స్వీయ పరీక్ష నేర్చుకున్నవారిలో మరణాలు తగ్గలేదు. క్యాన్సర్ కాని గడ్డలకు బయాప్సీలు (గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు) మాత్రం పెరిగాయి. 2002లో వచ్చిన ఆ ఫలితాలు చదివి నేనూ కొంత కాలం సందేహించాను. ఇప్పుడు నాకు అర్థమైంది ఇది: మన వేళ్లు వ్యాధిని నిర్ధారించలేవు, ఏమీ తగలనంత మాత్రాన అభయమూ ఇవ్వలేవు. మార్పును గమనించి మనల్ని ఆసుపత్రికి బయలుదేరదీయడం వరకే వాటి పని. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి సుమారు లక్షన్నర మంది మహిళలతో సాగించిన అధ్యయనంలో, శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. వ్యాధి ముదరకముందే బయటపడటం పెరిగింది. 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 30 ఏళ్లు నిండిన మహిళలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేయాలన్నది మన జాతీయ ఆరోగ్య కార్యక్రమంలోనూ ఉంది. అడిగి చేయించుకోండి.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, 2022లో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు వారికి వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. దూరం కన్నా సిగ్గూ భయమూ పెద్ద అడ్డంకులని నాకు ఆవిడ ప్రశ్నలే చెప్పాయి. “మగ డాక్టరు చూస్తారా?” మహిళా డాక్టరు కావాలని అడగవచ్చు, నర్సును పక్కన ఉండమనవచ్చు. “సూది గుచ్చితే జబ్బు పాకుతుందంటారే?” పాకదు. ఆ సూది పరీక్షే అది క్యాన్సరా, మామూలు గడ్డా అన్నది తేలుస్తుంది. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావని కూడా చెప్పాను. “రొమ్ము తీసేస్తారా?” తొందరగా వస్తే చాలామందికి గడ్డ వరకే తీసి, రేడియేషన్ ఇస్తే సరిపోతుంది.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి, తిరుపతికి ఉదయం మొదటి బస్సు ఎన్ని గంటలకని కోడలిని అడిగారు.