రెండో ప్రపంచ యుద్ధ మృతుల లెక్కలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏ దేశంలో ఎంతమంది పోయారో పక్కా లెక్కలున్నాయి.

వాస్తవం: పేరుపేరునా లెక్క ఉన్నది కొన్ని సైన్యాలకే. అమెరికా తన సైనిక మృతులు 4,05,399 అని చివరి అంకె దాకా చెబుతుంది. సోవియట్ యూనియన్‌లో 1946లో స్టాలిన్ 70 లక్షలన్నాడు, 1961లో తర్వాతి నేత క్రుశ్చేవ్ 2 కోట్లన్నాడు, 1990లో 2.66 కోట్లని తేల్చారు. ఇది శవాలు లెక్కపెడితే వచ్చింది కాదు, జనాభాలో కూడికలు, తీసివేతలు చేస్తే వచ్చింది.

జర్మనీ దాడి మొదలైన 1941 జూన్ 22న సోవియట్ జనాభా 19.67 కోట్లు. వాళ్ళలో 1945 ఆఖరుకి మిగిలింది 15.95 కోట్లు. తగ్గింది 3.72 కోట్లు. యుద్ధం రాకపోయినా ఆ నాలుగున్నరేళ్ళలో ఎలాగూ పోయేవాళ్ళు, 1940 మరణాల రేటు ప్రకారం, 1.19 కోట్లు. వాళ్ళను తీసేయాలి. యుద్ధకాలంలో పుట్టి, మామూలు కంటే అదనంగా చనిపోయిన పసివాళ్ళు 13 లక్షలు. వాళ్ళను కలపాలి. అదీ 2.66 కోట్లు.

ఈ పద్ధతిలో రెండు చోట్ల తేడా కొడుతుంది. దేశం వదిలి తిరిగి రానివాళ్ళు కూడా పోయినవాళ్ళ కిందే పడిపోతారు. పైగా మొదటి అంకెకు మూలమైన 1939 జనగణనను అప్పటి ప్రభుత్వం పెంచి చూపింది. ముందు దాన్ని సరిచేసుకోకపోతే తర్వాతి తీసివేతలన్నీ తప్పుతాయి.

అపోహ: దేశాలవారీ అంకెలు కూడితే ప్రపంచం మొత్తం వచ్చేస్తుంది.

వాస్తవం: ఒకే మనిషి రెండు మూడు పట్టికల్లో ఉంటాడు. పోలండ్ మృతులు 56 నుంచి 58 లక్షలని అక్కడి జాతీయ స్మృతి సంస్థ 2009లో అంచనా కట్టింది. వాళ్ళలో సుమారు సగం యూదులు. హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు యూదులపై జరిపిన సామూహిక హత్యల్లో, పోయిన 60 లక్షల్లోనూ వాళ్ళే ఉన్నారు. 1939లో సోవియట్ కలిపేసుకున్న తూర్పు పోలండ్ జనం అటూ ఇటూ లెక్కకొస్తారు. చైనా చెప్పే 3.5 కోట్లలో గాయపడ్డవాళ్ళూ ఉన్నారు, మృతుల అంచనాలు ఎక్కువగా 1.5 - 2 కోట్ల మధ్యే ఉంటాయి. పోస్టర్లలో ఈ రెండు అంకెలూ కలిసిపోవడం రోజూ చూస్తాం.

దేశాలను పోల్చాలంటే జనాభాతో భాగించండి. సోవియట్‌లో ప్రతి ఏడుగురిలో ఒకరు, పోలండ్‌లో ఆరుగురిలో ఒకరు పోయారు. అమెరికాలో మూడు వందల పైచిలుకు మందికి ఒక్కరు.

అపోహ: ఎక్కువమంది తుపాకీకీ, బాంబుకీ పోయారు.

వాస్తవం: ఆకలి వాటా చాలా పెద్దది. జర్మన్ల ముట్టడిలో ఉన్న సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్‌లో 1941 నవంబరు 20 నుంచి కార్మికుడికి రోజుకు 250 గ్రాముల రొట్టె, ఉద్యోగులకీ, ఇంట్లో ఆధారపడ్డవాళ్ళకీ, పిల్లలకీ 125 గ్రాములు. ఆ రొట్టెలోనూ పిండితోపాటు తినదగని కల్తీ కలిపారు. జర్మన్లకు చిక్కిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలు. అందులో 33 లక్షల దాకా చనిపోయారు, ఎక్కువగా ఆకలి, చలి, టైఫస్ జ్వరం వల్ల. అదే జర్మన్ల చేతిలో బ్రిటిష్, అమెరికన్ ఖైదీల మరణాలు నూటికి నాలుగు కూడా లేవు. అది చలి తప్పు కాదు, ఎవరికి తిండి పెట్టాలన్న నిర్ణయం.

అపోహ: భారత్ నష్టం 87 వేల సైనికులు.

వాస్తవం: అది సైన్యం లెక్క. 1943 బెంగాల్ కరువు మృతులు అప్పటి విచారణ కమిషన్ ప్రకారం 15 లక్షలు, తర్వాతి పరిశోధకుల ప్రకారం 21 నుంచి 30 లక్షలు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కి బర్మా బియ్యం ఆగింది. జపాన్‌కు దక్కకూడదని తీరంలో ధాన్యాన్నీ, పడవల్నీ ప్రభుత్వమే లాగేసుకుంది. అక్టోబరులో తుఫాను పంటను ముంచింది. సైన్యం కొనుగోళ్ళతో, వ్యాపారుల నిల్వలతో ధర కూలీకి అందకుండా పోయింది. 1943 ఆఖర్లో మంచి పంట చేతికొచ్చాక కూడా చావులు ఆగలేదు. బక్కచిక్కిన ఒంటిమీద మలేరియా పడింది. అందుకే 1943తో లెక్క ముగించేవాళ్ళ అంకె తక్కువగా ఉంటుంది.

అపోహ: తెలుగువాళ్ళకు ఈ యుద్ధమంటే 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద పడ్డ బాంబులే.

వాస్తవం: ఆ బాంబులకు పోయింది కొద్దిమందే. అసలు దెబ్బ బర్మాలో తగిలింది. రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ పనిచేసే తెలుగు కూలీలు లక్షలాది భారతీయులతో కలిసి అడవుల మీదుగా అస్సాం, మణిపూర్ వైపు నడిచారు. దారిలో కలరా, విరేచనాలు, మలేరియాకు వేలల్లో పోయారు. ఈ అంచనాలు పదివేల నుంచి యాభైవేలు, ఆపైన కూడా సాగుతాయి. చేరినవాళ్ళను శిబిరాల్లో రాసుకోగలిగారు గానీ, రంగూన్‌లో ఎంతమంది బయల్దేరారో రాసినవాళ్ళు లేరు. తీసివేతకు మొదటి అంకే లేదు.