20 మిల్లీసెకన్లలో ఎంత పెట్రోలు పోయగలం?

టెక్సాస్‌లో ఉండే ఒక పాఠకుడు తన పాత మాజ్డా మియాటాలో షెవ్రొలె వాళ్ళ ఎనిమిది సిలిండర్ల ఎల్‌ఎస్3 ఇంజన్ దించుతున్నాడట. "అన్నా, 430 హార్స్‌పవర్‌కి ఏ సైజు ఇంజెక్టర్లు కావాలి, కారుతో వచ్చిన పెట్రోలు పంపు చాలుతుందా?" అని అడిగాడు. పంపు చాలదు. 1990 మియాటా 1.6 లీటర్ల ఇంజన్ ఇచ్చేదే 116 హార్స్‌పవర్, ఆ పంపు దాని ఆకలికి పెట్టింది. ఇంజెక్టర్ల ప్రశ్న మాత్రం నాకు భలే ఇష్టం.

ఇంజెక్టర్ అంటే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే కరెంటు నల్లా, అంతే. అసలు సంగతి టైం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక సైకిల్. 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర ఒక సైకిల్‌కి 150 మిల్లీసెకన్లు ఉంటాయి, 6000 దగ్గర 20 మాత్రమే, ఆ సైకిల్‌కి కావాల్సిన పెట్రోలంతా ఆ లోపే పడాలి. మున్సిపల్ నల్లా అనుకోండి. మూడు గంటలు నీళ్ళు వదిలితే సన్న పైపుతోనైనా డ్రమ్ములు నిండుతాయి. అరగంటే వదిలి, ఆ రోజే ఇంట్లో పెళ్ళి కూడా ఉంటే? పైపు లావుదైనా కావాలి, ప్రెషరైనా పెరగాలి. పైగా నల్లా తిప్పగానే కాసేపు గాలే బుస్సుమంటుంది కదా, ఇంజెక్టర్‌కీ అదే రోగం: కరెంటు అందాక సూది లేవడానికి దాదాపు ఒక మిల్లీసెకను పోతుంది, బ్యాటరీ వోల్టేజి పడిపోతే ఇంకా ఎక్కువే. అలాగని మరీ లావు పైపు పెడితే ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రమే తిరిగేటప్పుడు, గ్లాసుడు నీళ్ళు పట్టాల్సిన చోట బిందె పొంగుతుంది, బండి వణుకుతుంది.

ఇక లెక్క. టర్బో లేని పెట్రోలు ఇంజన్ ఫుల్ పవర్‌లో ఒక హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 227 గ్రాములు తాగుతుందనుకుంటే, 430కి 98 కిలోలు, అంటే 132 లీటర్లు. ఎనిమిది ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోటి నిమిషానికి 275 సీసీ. కానీ ఆ 20 మిల్లీసెకన్లూ తెరిచే ఉంచితే ఇక అదుపు చేయడానికేమీ మిగలదు, అందుకే 80 శాతమే వాడుకుంటాం: 275ని 0.8తో భాగిస్తే 344 సీసీ. ఎల్‌ఎస్3తో వచ్చే ఇంజెక్టర్లు 4 బార్ ప్రెషర్ దగ్గర (బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) 440 సీసీ ఇస్తాయి కాబట్టి ఇతనికి కొత్తవి దండగ, సుమారు 550 హార్స్‌పవర్ దాకా అవే లాగుతాయి.

డబ్బా మీద నంబరు చూసేటప్పుడు అది ఏ ప్రెషర్ దగ్గర కొలిచిందో కూడా చూడాలి. ప్రవాహం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది: 3 బార్ నుంచి 4 బార్‌కి వెళ్తే పెరిగేది 15 శాతమే. ఈ వర్గమూలాన్నే కాలేజీలో బెర్నౌలీ పేరుతో పది మార్కుల డెరివేషన్‌గా రాయించారు, దీన్ని చూసి ఇంజెక్టర్లు కొంటారని ఒక్కరూ చెప్పలేదు.

రేపు సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టేది) పెడతానంటే కథ మారుతుంది. ఇంజెక్టర్ వెనక 4 బార్ ఉన్నా, ముందు నుంచి 0.7 బార్ బూస్ట్, అంటే ఆ నెట్టిన గాలి ప్రెషర్, ఎదురు తోస్తే మిగిలేది 3.3, అంటే ప్రవాహం 9 శాతం తగ్గినట్టు. అదీ ఇంజన్‌కి పెట్రోలు బాగా కావాల్సిన సమయంలో! ఇలా గాలికి తగ్గ పెట్రోలు అందక లీన్ అయితే పిస్టన్లు కరుగుతాయి, బంపర్‌కి ఎన్ని నిమ్మకాయలు కట్టినా సరే. అందుకని పెట్రోలు ప్రెషర్‌ని పట్టి ఉంచే రెగ్యులేటర్‌కి బూస్ట్ గొట్టం కలిపి దాన్ని 4.7కి పెంచుతారు. ఇంజెక్టర్ ఒడ్డున పడుతుంది కానీ భారం పంపు మీద పడుతుంది, ఎందుకంటే ఎదురు ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు తోసేది తగ్గుతుంది.

మామూలు ఎల్‌ఎస్3కి గంటకు 132 లీటర్లు చాలు, ఇరవై శాతం అదనం వేసుకున్నా 160 దాటదు. 255 లీటర్లని అమ్మే వాల్‌బ్రో పంపు 4 బార్ దగ్గర అంత ఇవ్వకపోయినా ఇక్కడ హాయిగా సరిపోతుంది. రెగ్యులేటర్ కోసం చాలామంది షెవ్రొలె సీ5 కార్వెట్ కారు పెట్రోలు ఫిల్టర్ వాడతారు, మూడు గొట్టాల చిన్న డబ్బా, 4 బార్ రెగ్యులేటర్ అందులోనే ఉంటుంది. ఒక్కటి మాత్రం మరవొద్దు తమ్ముడూ: ముప్పై ఏళ్ళు దాటిన ఆ సన్న వైరుతోనే కొత్త పంపుని నడిపితే 13.5 వోల్టులు రావాల్సిన చోట 12 కూడా అందకపోవచ్చు, అప్పుడు 255 అన్న మాట డబ్బా మీదే మిగులుతుంది. బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, మధ్యలో ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్) పెట్టు. పంపు ఇంజన్‌తో పాటే ఆగేలా ఆ రిలేని ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, కలుపు.