యుయెండుము పెద్దలు 1994లోనే దారి చూపారు

ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీలో మూలవాసుల పిల్లల నేరాల గొడవ మళ్లీ రాజుకుంది. 2024 మార్చిలో ఆలిస్ స్ప్రింగ్స్‌లో పిల్లలపై కర్ఫ్యూ పెట్టారు. అక్టోబరులో టెరిటరీ కొత్త ప్రభుత్వం నేరబాధ్యత వయసును, అంటే పిల్లలపై నేరం మోపగల కనీస వయసును, 12 నుంచి మళ్లీ 10 ఏళ్లకు దించింది. ఆటలకీ, సాంస్కృతిక శిబిరాలకీ డబ్బు పోసి ఏం సాధించారని అడిగేవాళ్లు యుయెండుము సంగతి తెలుసుకోవాలి.

ఆలిస్ స్ప్రింగ్స్‌కు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, ఎడారిలో ఉన్న వార్ల్‌పిరి తెగ మూలవాసుల ఊరు అది. 1990ల మొదట్లో అక్కడి కుర్రకారులో చాలామందికి పెట్రోలు పీల్చే వ్యసనం. మూతి దగ్గర డబ్బా పెట్టుకునే తిరిగేవాళ్లు. 1994లో పెగ్గీ నంపిజింపా బ్రౌన్ వంటి పెద్దలు సర్కారు పథకం కోసం ఎదురుచూడలేదు. పిల్లల్ని వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని మౌంట్ థియోకు తీసుకెళ్లి తమ దగ్గరే ఉంచుకున్నారు. అక్కడి నుంచి నడిచి పారిపోయి రావడం జరిగే పని కాదు. వేట, జాడ తీయడం, ఆ నేల కథలు, ఒకరిపట్ల ఒకరు నడుచుకోవాల్సిన పద్ధతులు నేర్పారు. అదే సమయంలో ఊళ్లో ఉన్న పిల్లలకు ఆటలు, డిస్కోలు నడిపారు. ఖాళీగా ఉంటే చెయ్యి మళ్లీ డబ్బా మీదికే పోతుందని వాళ్లకు తెలుసు. ఈ రెండూ జోడుగా సాగడమే అసలు కిటుకు. 2000ల తొలినాళ్లకే ఊళ్లో ఆ వ్యసనం దాదాపు ఆగిపోయింది. ఒకప్పుడు డబ్బా పట్టినవాళ్లలో కొందరు తమ తర్వాతి పిల్లలకు అండగా నిలిచారు.

పీల్చినా మత్తెక్కని ఓపల్ ఇంధనమే సమస్యను తీర్చిందని అధికారులు చెబుతారు. అది చాలా ఊళ్లకు మేలు చేసిన మాట నిజమే. కానీ ఓపల్ వచ్చింది 2005లో.

పెద్దల చేతిలోని పగ్గాలు లాక్కున్నది ఆ తర్వాతే. 2007లో ప్రధాని జాన్ హోవర్డ్ కేంద్ర ప్రభుత్వం అత్యవసర జోక్యం పేరిట సైన్యాన్ని దింపి, జాతి వివక్ష నిరోధక చట్టాన్ని పక్కనపెట్టింది. మరుసటి ఏడాది టెరిటరీ ప్రభుత్వం ఊరి కౌన్సిళ్లను రద్దుచేసి షైర్లనే పెద్ద స్థానిక పాలక మండళ్లలో కలిపేసింది. 2014లో కేంద్రం మూలవాసుల కోసం నడిచే 150కి పైగా కార్యక్రమాలను 5 పద్దుల్లోకి కుదించి, అయిదేళ్లలో 53 కోట్ల డాలర్లకు పైగా కోత పెట్టింది. ఊరి సంస్థలు గ్రాంటు కోసం పోటీ పడి దరఖాస్తులు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ మార్పును హడావిడిగా చేశారని 2017లో జాతీయ ఆడిట్ కార్యాలయమే తప్పుపట్టింది.

వార్ల్‌పిరి వాళ్లు మాత్రం తనామి బంగారు గని రాయల్టీతో 2005లో సొంత విద్యా ట్రస్టు పెట్టుకున్నారు. ఆ సొమ్ములో కొంత ఇప్పటికీ యువత కార్యక్రమాలకు వెళ్తోంది.