"మాది లైనక్స్, మాకేం కాదు": కంప్యూటర్ భద్రతలో అపోహలు, వాస్తవాలు

విండోస్, మ్యాక్, లైనక్స్ అనే మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండే చోట్ల భద్రత చూసుకోవడం నా పని. ఏదైనా జరిగాక లాగ్‌లు (సిస్టమ్ రాసుకునే రికార్డులు) తిరగేస్తే, దాడి మొదలైన మెషీన్ చాలాసార్లు "దీనికేం కాదులే" అని అందరూ వదిలేసినదే అయి ఉంటుంది. అందుకే తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని అసలు సంగతి రాస్తున్నాను.

అపోహ: లైనక్స్‌కి వైరస్‌లు రావు

డెస్క్‌టాప్ లైనక్స్ మీదికి వచ్చేవి తక్కువన్నంత వరకు నిజమే. కానీ ఇంటర్నెట్‌లో కనిపించే సర్వర్లలో ఎక్కువ లైనక్సే, రౌటర్ల లోపల, సీసీ కెమెరాల లోపల నడిచేదీ చాలావరకు అదే, మరి దాడి చేసేవాళ్లు దాన్ని ఎందుకు వదులుతారు? 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) లక్షల కొద్దీ కెమెరాలు, డీవీఆర్‌లు (వీడియో రికార్డు చేసే పెట్టెలు), రౌటర్లను పట్టేసింది. అందులో గొప్ప హ్యాకింగ్ ఏమీ లేదు. కంపెనీ పెట్టి పంపిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై పైచిలుకు దగ్గర పెట్టుకుని టెల్‌నెట్‌లో (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) ఒక్కొక్కటీ వేసి చూసింది, అంతే. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి డివైజ్‌లతోనే డైన్ అనే డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే సేవ) కంపెనీ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు.

నమ్మకం కుదరకపోతే పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగల అడ్రస్) ఉన్న ఏ లైనక్స్ సర్వర్‌లోనైనా ఆథ్ లాగ్ (లాగిన్ ప్రయత్నాల రికార్డు) తెరవండి. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టు (కనెక్షన్లు వచ్చే ద్వారం) బయటికి తెరిచి ఉంటే "ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ రూట్" (రూట్ అంటే అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్) అన్న లైన్లు ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉంటాయి, ఆ తర్వాత అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్... ఎవరో మీ మీద పగబట్టి చేస్తున్నది కాదిది, బాట్‌లు (వాటంతట అవే నడిచే ప్రోగ్రామ్‌లు) ఐపీలన్నిటినీ వరసబెట్టి తడుముతుంటాయి. పోర్టు నంబరు మారిస్తే లాగ్‌లో రొద తగ్గుతుంది తప్ప పెద్దగా ఒరిగేది లేదు. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీ లాగిన్ (పాస్‌వర్డ్ బదులు మీ దగ్గరున్న కీ ఫైలుతో లాగిన్) ఒక్కటే ఉంచాలి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ప్రధాన కాన్ఫిగ్ ఫైల్లో పాస్‌వర్డ్ అథెంటికేషన్ దగ్గర "నో" అని పెట్టి పని అయిపోయిందనుకుంటారు, కానీ ఉబుంటు (ఒక రకం లైనక్స్) క్లౌడ్ సర్వర్లలో చాలాచోట్ల పక్క ఫోల్డర్‌లో క్లౌడ్ ఇనిట్ (సర్వర్ మొదటిసారి లేచేటప్పుడు సెట్టింగ్‌లు వేసే ప్రోగ్రామ్) పెట్టిన చిన్న ఫైల్లో "యెస్" అని ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ ముందు చదివిన విలువనే తీసుకుంటుంది, ముందు చదివేది ఆ చిన్న ఫైలునే. కాబట్టి ఫైల్లో ఏం రాశామన్నది పక్కన పెట్టి, సర్వర్ నిజంగా ఏ సెట్టింగ్‌తో నడుస్తుందో ఎస్‌ఎస్‌హెచ్‌డీ కమాండ్‌కి పెద్ద టీ ఆప్షన్ (sshd -T) ఇచ్చి చూడండి. ఉన్న సెషన్ మూయకుండా ఇంకో విండోలో కీతో లాగిన్ అయ్యాకే బయటికి రండి, లేకపోతే మీ సర్వర్‌లోకి మీరే వెళ్లలేని పరిస్థితి వస్తుంది.

అపోహ: మ్యాక్‌ని యాపిలే చూసుకుంటుంది

చాలావరకు చూసుకుంటుంది, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా 2012లోనే ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ జావా లోపం ద్వారా దాదాపు ఆరు లక్షల మ్యాక్‌లలోకి దూరింది. ఇప్పుడు నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది వేరే రకం. ఏదో వెబ్‌సైట్ "మీరు మనిషేనని నిరూపించండి, ఈ లైను టెర్మినల్‌లో పేస్ట్ చేయండి" అంటుంది (టెర్మినల్ అంటే కమాండ్‌లు టైప్ చేసే విండో), మనవాళ్లు చేసేస్తారు. బ్రౌజర్‌లో దించిన ఫైలుకైతే క్వారంటైన్ గుర్తు పడుతుంది, తెరిచేటప్పుడు మ్యాక్‌లోని భద్రతా తనిఖీ అయిన గేట్‌కీపర్ దాన్ని తనిఖీ చేస్తుంది. టెర్మినల్‌లో కర్ల్‌తో (ఫైళ్లు దించే కమాండ్) తెచ్చినదానికి మామూలుగా ఆ గుర్తే ఉండదు. ఆ వెంటనే ఒక బాక్స్ వచ్చి మ్యాక్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది కూడా ఇచ్చేశాక ఇక కాపాడేదేముంది? ఇదే ఎత్తు విండోస్‌లో రన్ బాక్స్‌తో నడుస్తోంది. ఏ వెబ్‌సైట్ అయినా సరే కమాండ్ పేస్ట్ చేయమంటే ట్యాబ్ మూసేయండి.

అపోహ: ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంది కదా

ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ (అందులోని ఫైర్‌వాల్) ఆన్ చేసి, అన్నీ బ్లాక్ చేశామనుకుని, డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) డేటాబేస్ పెట్టి పోర్టు పబ్లిష్ చేస్తే ఆ పోర్టు బయటివాళ్లకి తెరిచే ఉంటుంది. డాకర్ తన నియమాలు తానే రాసుకుంటుంది, ఆ ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ నియమాల దాకా రాదు. బయటికి అక్కర్లేని పోర్టును 127.0.0.1కే (ఆ మెషీన్ లోపల మాత్రమే పనిచేసే అడ్రస్) కట్టేయండి. ఏది ఏ అడ్రస్ మీద వింటోందో లైనక్స్‌లో ఎస్‌ఎస్, విండోస్‌లో నెట్‌స్టాట్ చూపిస్తాయి. 0.0.0.0 కనిపిస్తే అది అన్ని వైపులా వింటున్నట్టు. ఆ తర్వాత బయటి నెట్‌వర్క్ నుంచి కూడా ఒకసారి స్కాన్ చేసి చూసుకోండి, లోపలి నుంచి చూసింది ఎప్పుడూ సగమే.

అపోహ: అప్‌డేట్‌లు వేస్తున్నాం, అది చాలు

అప్‌డేట్ విషయంలో నేను రాజీ పడను. వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్) 2017 మే 12న విరుచుకుపడింది, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) మార్చి 14నే వచ్చేసింది. వేసుకున్నవాళ్లకి ఆ లోపం దారి మూసుకుపోయింది. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఆ తర్వాత ప్యాచ్‌లు రావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి, ఆ పని చేయని మెషీన్లు ఇంకా నెట్‌వర్క్‌లో ఉంటే ఈ వారమే లెక్క తీయండి.

కానీ 2017 జూన్‌లో వచ్చిన నాట్‌పెట్యా అనే మాల్వేర్ ప్యాచ్ వేసిన మెషీన్లనూ వదల్లేదు. ఒక కంప్యూటర్‌లోకి వచ్చాక మెమొరీలో ఉన్న లాగిన్ వివరాలు లాక్కుని, వాటితోనే పక్క కంప్యూటర్లలోకి దర్జాగా వెళ్లింది. అన్ని కంప్యూటర్లకీ ఒకటే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టిన చోట జరిగేది ఇదే. విండోస్‌లో దీనికోసం ల్యాప్స్ అనే సదుపాయం ఉంది, 2023 నుంచి సిస్టమ్‌లోనే కలిపి ఇస్తున్నారు, మెషీన్ మెషీన్‌కీ వేరే పాస్‌వర్డ్ పెట్టి తానే మారుస్తుంటుంది. రోజువారీ పనికి అడ్మిన్ అకౌంట్ వాడొద్దన్న మాట మూడు సిస్టమ్‌లకీ వర్తిస్తుంది.

అపోహ: పాస్‌వర్డ్ మూడు నెలలకోసారి మార్చాలి

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఇలా బలవంతంగా మార్పించవద్దని చెప్పింది. మార్చమంటే జనం చివరి అంకె మారుస్తారు. పొడవుగా పెట్టండి, లీకైందని తెలిస్తే వెంటనే మార్చండి, రెండో దశ ధ్రువీకరణ ఆన్ చేయండి.

అపోహ: బ్యాకప్ ఉంది, భయం లేదు

ఎప్పుడూ తగిలించి ఉండే డ్రైవ్‌ని ర్యాన్సమ్‌వేర్ మిగతా డిస్కులతో పాటే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఒక కాపీ నెట్‌వర్క్‌కి దూరంగా ఉండాలి. లైనక్స్ ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ (డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) డ్రైవ్ మీదికి మామూలుగా కాపీ చేస్తే ఓనర్, పర్మిషన్ వివరాలు పోతాయి. రీస్టోర్ చేశాక ఫైళ్లన్నీ కనిపిస్తాయి, సర్వీసులు మాత్రం లేవవు. ముందు టార్ ఫైల్‌గా (అన్నీ కలిపి ఒక్క ఫైలు) కట్టి అప్పుడు కాపీ చేయండి, దాన్ని ఇంకో మెషీన్‌లో విప్పి సర్వీస్ లేస్తుందో లేదో చూశాకే అది బ్యాకప్ అని రాసుకోండి.