రక్తపరీక్ష కంటే ముందే చర్మం చెప్పే జబ్బు

1970లలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, లైమ్ అనే ఊళ్లోనూ దాని చుట్టుపక్కలా, పిల్లలకు ఉన్నట్టుండి మోకాళ్లు వాచిపోయేవి. లైమ్ వ్యాధికి ఆ పేరు ఈ ఊరినుంచే వచ్చింది. పిల్లల కీళ్లవాతం అని వైద్యులు ఎవరికి వారికి విడివిడిగా చెప్పి పంపేవారు. అంత అరుదైన జబ్బు ఇరుగుపొరుగు ఇళ్లలో ఇంతమందికి ఎలా వస్తుందని పోలీ మరే అనే తల్లి పట్టు వదలకుండా అడిగింది. 1975లో యేల్ విశ్వవిద్యాలయ వైద్యుడు అలెన్ స్టీర్ బృందం ఆరా తీస్తే రెండు సంగతులు తేలాయి. జబ్బు ఎక్కువగా వేసవిలో, అడవి అంచున ఉండేవాళ్లకు మొదలవుతోంది. పైగా, కీళ్లు వాచడానికి కొన్ని వారాల ముందు ఒంటిమీద పాకే ఎర్రమచ్చ వచ్చిందని కొందరు గుర్తు చేసుకున్నారు. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త వేరే జ్వరం క్రిములకోసం పిడుదు పురుగుల్ని కోసి చూస్తుంటే, వాటి పేగుల్లో మెలికలు తిరిగిన బాక్టీరియా కనిపించింది. అదే ఇప్పుడు ఆయన పేరు మీదున్న బొరీలియా బర్గ్‌డార్ఫెరి.

పిడుదు ఎగరదు, దూకదు. గడ్డిపోచ కొసన ముందుకాళ్లు చాచుకుని కూర్చుంటుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడునూ ఒంటి వేడినీ ఆ కాళ్లతోనే పసిగట్టి, ఆనుకుని వెళ్లే కాలినో బట్టనో పట్టుకుంటుంది. మనుషులకు లైమ్ వ్యాధిని ఎక్కువగా అంటించేది పెద్ద పిడుదు కాదు, గసగసం గింజంత ఉండే పిల్లపురుగు. దాని నోటికి వెనక్కి తిరిగిన ముళ్లున్న సూదిలాంటి భాగం ఉంటుంది. నొప్పి తెలియనివ్వని, రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలు లాలాజలంలో ఉంటాయి. అందుకే రోజుల తరబడి రక్తం తాగుతున్నా చాలామందికి కుట్టిన సంగతే తెలియదు.

అయితే కుట్టగానే జబ్బు అంటుకోదు. బాక్టీరియా అప్పటికి పిడుదు పేగులో పడి ఉంటుంది. వెచ్చని రక్తం లోపలికి చేరాక తన పై పొరలోని ప్రొటీన్లను మార్చుకుని, పేగు దాటి లాలాజల గ్రంథుల దాకా ప్రయాణం చేస్తుంది. ఇందుకు సాధారణంగా ఒకటిన్నర రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. మొదటి రోజే పిడుదును పీకేస్తే ముప్పు బాగా తగ్గేది ఇందువల్లే.

బాక్టీరియా చర్మంలోకి దిగాక 3 నుంచి 30 రోజుల లోపు, చాలామందిలో వారం అటూ ఇటూగా, కుట్టినచోట మచ్చ మొదలవుతుంది. కుట్టిన మర్నాడే వచ్చి రెండు రోజుల్లో పోయే చిన్న ఎరుపు ఇది కాదు, అది వట్టి చికాకు. అసలు మచ్చ రోజురోజుకూ అంచులు విస్తరించుకుంటూ 5 సెంటీమీటర్లు దాటుతుంది, కొందరిలో జానెడు దాకా పెరుగుతుంది. సాధారణంగా దురద ఉండదు, నొప్పి ఉండదు, తాకితే కాస్త వెచ్చగా తగలొచ్చు. మధ్యలో చుక్క, చుట్టూ వలయం ఉన్న బొమ్మనే అన్నిచోట్లా చూపిస్తారు గానీ, చాలా మచ్చలు వలయమేమీ లేకుండా ఒకే రంగులో ఉంటాయి. నల్లని, చామనఛాయ చర్మం మీద ఎరుపు కనబడక, కమిలినట్టుగానో ఊదారంగులోనో ఉండి తప్పించుకుంటుంది. వీపు కింద, మోకాలి వెనుక, చంకలో, జుట్టు అంచున వస్తే చూసుకునేదెవరు? పైగా ఈ మచ్చ అందరికీ రాదు. సుమారు 70-80 శాతం మందిలోనే వస్తుంది. దాంతోపాటు జ్వరం, ఒళ్లునొప్పులు, నీరసం ఉంటే ఫ్లూ అనుకోవడం సహజం.

చిక్కంతా ఇక్కడే ఉంది. అనుమానం వచ్చి రక్తపరీక్ష చేయిస్తే, మచ్చ ఉన్న తొలి రోజుల్లో సగానికి పైగా మందిలో నెగెటివ్ వస్తుంది. పరీక్ష వెతికేది క్రిమిని కాదు, దానిమీద మన శరీరం తయారుచేసిన యాంటీబాడీలను. అవి తగినంత తయారవడానికి కొన్ని వారాలు కావాలి. క్రిమినే పట్టుకుందామంటే అది రక్తంలో చాలా తక్కువగా ఉంటుంది. అందుకని పిడుదులున్న ప్రాంతంలో తిరిగొచ్చిన మనిషికి ఇలాంటి మచ్చ కనిపిస్తే, పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ 10 నుంచి 14 రోజులు వాడితే దాదాపు అందరికీ నయమవుతుంది. వారాలు గడిచిన కేసుల్లో మాత్రం రెండంచెల పరీక్ష అక్కరకొస్తుంది. మొదట ఎలైసా అనే యాంటీబాడీ పరీక్ష చేస్తారు, అది పాజిటివ్ వస్తేనో తేలకపోతేనో వెస్టర్న్ బ్లాట్ అనే మరో రకం యాంటీబాడీ పరీక్షతోనో ఇంకో ఎలైసాతోనో ఖాయం చేసుకుంటారు.

ఇదే పరీక్షకు ఇంకో లోపముంది. తొలిరోజుల్లో నోరు విప్పనిది, తర్వాత మూయదు. జబ్బు నయమయ్యాక కూడా యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. లక్షణాలే లేని మనిషికి ఊరికే పరీక్ష చేసి, పాజిటివ్ చూసి కంగారుపడటం నా దృష్టిలో పరీక్ష చేయించకపోవడం కంటే పెద్ద తప్పు.

మందు పడకపోతే క్రిమి రక్తం ద్వారా పాకుతుంది. ఒంటినిండా మచ్చలు రావచ్చు. ముఖంలో ఒకపక్క, ఒక్కోసారి రెండుపక్కలా కండరాలు పడిపోయి కన్ను మూతపడదు, మూతి వంకరపోతుంది. మెదడు పొరలకు వాపు రావచ్చు. కొద్దిమందిలో గుండెలో విద్యుత్ సంకేతాల దారి అడ్డుపడుతుంది. ఇది గంటల్లోనే ముదరగలదు. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఉంటే ఆసుపత్రిలో పెట్టి కనిపెట్టుకుని ఉండాల్సిందే. తాత్కాలికంగా పేస్‌మేకర్ అవసరమైనవాళ్లు కూడా యాంటీబయాటిక్స్‌తో సాధారణంగా కోలుకుంటారు. నెలలు గడిచాక మోకాలి వంతు. నీరు పట్టి బాగా ఉబ్బుతుంది, కానీ ఆ వాపుతో పోలిస్తే నొప్పి తక్కువే.

సరిగ్గా వైద్యం జరిగినా కొందరికి అలసట, నొప్పులు, మతిమరుపు నెలల తరబడి వదలవు. వాళ్ల బాధ నిజమైనదే. కానీ నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో నిలకడైన మేలు కనపడలేదు, దుష్ప్రభావాలు మాత్రం కనిపించాయి.

పిడుదులు మోసే జబ్బు ఇదొక్కటే కాదు. రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్‌లో చికిత్స ఆలస్యమైతే రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది, అక్కడా పరీక్ష ఫలితం కోసం ఆగకూడదు. ఎర్రరక్తకణాల్లో దూరి జబ్బు చేసే బబీజియా అనేది అసలు బాక్టీరియానే కాదు, పరాన్నజీవి. లైమ్‌కు ఇచ్చే డాక్సీసైక్లిన్ దానిమీద పనిచేయదు.

ఒంటిమీద పిడుదు కనిపిస్తే కాల్చడం, కిరసనాయిలు పోయడం వద్దు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. నోటిముక్క లోపల మిగిలినా ఫరవాలేదు, చర్మమే తోసేస్తుంది. తేదీ రాసిపెట్టుకుని నెలరోజుల పాటు ఆ చోటును గమనించాలి. లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో, పిడుదు ఒకటిన్నర రోజుకు పైగా పట్టుకుని ఉందనిపిస్తే, తీసిన 72 గంటల్లోపు ఒకే ఒక్క మోతాదు డాక్సీసైక్లిన్ ముందుజాగ్రత్తగా ఇవ్వాలా వద్దా అన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు.