వెరికోసిల్ ఎంబొలైజేషన్: అపోహలు – వాస్తవాలు

వృషణాల నుంచి రక్తాన్ని పైకి చేరవేసే సిరలు ఉబ్బి మెలికలు తిరగడమే వెరికోసిల్. పురుషులలో సుమారు 15 శాతం మందికి ఇది ఉంటుంది. చెడిన సిరను కోత లేకుండా లోపలి నుంచే మూసివేసే పద్ధతి ఎంబొలైజేషన్. దీన్ని మావంటి ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు, అంటే తెరపై చూస్తూ సన్నని గొట్టాలతో లోపలి నుంచే చికిత్స చేసే వైద్యులు, చేస్తారు. ఈ చికిత్స కోసం వచ్చేవారిలో కొందరిని లేనిపోని భయం, మరికొందరిని అంతకంటే లేనిపోని ఆశ నడిపిస్తుంటాయి.

అపోహ: బరువులు ఎత్తడం వల్ల, హస్తప్రయోగం వల్ల వెరికోసిల్ వస్తుంది.

వాస్తవం: హస్తప్రయోగానికీ దీనికీ సంబంధమే లేదు. బరువు ఎత్తినప్పుడు అప్పటికే ఉన్న ఉబ్బు బయటపడవచ్చు, నొప్పి పెరగవచ్చు. అసలు కారణం చాలామందిలో శరీర నిర్మాణమే. ఎడమ వృషణ సిర చాలా దూరం పైకి వెళ్లి ఎడమ మూత్రపిండ సిరలో దాదాపు లంబకోణంలో కలుస్తుంది. ఆ దారిలో రక్తం కిందికి జారకుండా ఆపవలసిన కవాటాలు సరిగా పనిచేయకపోతే, మనిషి నిలబడినంతసేపూ రక్తం వెనక్కి దిగి సిరలను ఉబ్బిస్తుంది. అందుకే ఎక్కువగా ఎడమవైపే కనిపిస్తుంది. కుడివైపు మాత్రమే హఠాత్తుగా ఏర్పడి, పడుకున్నా తగ్గని ఉబ్బు వేరే సంగతి: కడుపులోని గడ్డ ఏదైనా సిరను నొక్కుతోందేమో ముందుగా స్కాన్ చేసి చూడాలి.

అపోహ: స్కాన్‌లో వెరికోసిల్ అని వస్తే చికిత్స తప్పనిసరి.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదే. రోగిని నిలబెట్టి, ముక్కమని చెప్పి, చేత్తో పరీక్షించినా తెలియకుండా, రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్ స్కాన్ అయిన డాప్లర్‌లో మాత్రమే కనిపించే చిన్న వెరికోసిల్‌కు చికిత్స చేసినందువల్ల సంతాన అవకాశాలు మెరుగవుతాయని చెప్పడానికి ఆధారం లేదు. ఉబ్బు చేతికి తెలుస్తూ, వీర్య పరీక్షలో లోపం కనబడి, సంతానం కోసం ప్రయత్నిస్తున్న దంపతులలో చికిత్సకు అర్థముంది. ఎక్కువసేపు నిలబడితే పెరిగి, పడుకుంటే తగ్గే లాగుడు నొప్పి ఉన్నవారికీ, ఎదిగే వయసులో ఆ వైపు వృషణం పెరుగుదల వెనుకబడిన అబ్బాయిలకూ కూడా ఇది పరిశీలించదగినదే. అయితే వీర్య పరీక్ష ఫలితం ఒకే మనిషిలో ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది కనుక ఒక్క నివేదికను చూసి నిర్ణయం తీసుకోకూడదు. ఏ ఇబ్బందీ లేనివారిని ఊరికే వదిలేయడమూ వైద్యమే.

అపోహ: సిరను మూసేస్తే వృషణానికి రక్తం అందక అది ఎండిపోతుంది.

వాస్తవం: వృషణానికి రక్తం తెచ్చేవి ధమనులు, వాటి జోలికి మేము వెళ్లం. గజ్జలోనో మెడలోనో మత్తు సూది ఇచ్చి, అక్కడి సిరలోకి రెండు మిల్లీమీటర్ల కంటే సన్నని గొట్టం, అంటే కాథెటర్‌ను పంపి, ఎక్స్‌రే తెరపై చూస్తూ వృషణ సిర దాకా నడుపుతాం. ఎక్స్‌రేలో సిరలు కనబడేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించి రోగిని ముక్కమన్నప్పుడు, పైకి పోవలసిన మందు నల్లని గీతలా కిందికి దిగడం తెరపై స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సిరలో సన్నని లోహపు కాయిల్స్‌ను గానీ, సిరను మూసే నురగ మందును గానీ, రెండింటినీ గానీ ఉంచి మళ్లీ ముక్కమంటే మందు కాయిల్ దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత వృషణం నుంచి రక్తం ఇతర సిరల గుండా పైకి చేరుతుంది. సాధారణంగా వాడే ప్లాటినం కాయిల్స్ ఉన్నవారికి ఎంఆర్‌ఐ చేయవచ్చు. అయినా స్కాన్‌కు ముందు ఆ విషయం చెప్పాలి.

అపోహ: కోత లేదు కనుక ప్రమాదమూ లేదు, శస్త్రచికిత్స కంటే ఇదే ఎప్పుడూ మేలు.

వాస్తవం: పూర్తి మత్తు, కుట్లు అవసరం లేకపోవడం, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లగలగడం నిజమైన లాభాలే. కణజాలంలోని నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే లింఫ్ నాళాలను తాకం కనుక, శస్త్రచికిత్స తర్వాత కొందరిలో కనిపించే వరిబీజం (వృషణ సంచిలో నీరు చేరడం) భయం ఇందులో ఉండదు. కానీ కొందరిలో, ముఖ్యంగా కుడివైపున, కాథెటర్ సిరలోకి చేరదు. కొన్ని రోజులపాటు నడుములోనో వృషణ సంచిలోనో నొప్పి ఉండవచ్చు. కాంట్రాస్ట్ మందు పడకపోవడం, అరుదుగా కాయిల్ జారిపోవడం కూడా జరుగుతాయి. వెరికోసిల్ మళ్లీ రావడమన్నది మైక్రోస్కోప్ సాయంతో చేసే శస్త్రచికిత్సలోనే అతి తక్కువ; ఈ మాట మా విభాగానికి రుచించకపోయినా రోగికి చెప్పి తీరాలి. శస్త్రచికిత్స తర్వాత తిరగబెట్టినవారిలో మాత్రం, రక్తం ఏ దారిలో దిగుతోందో చూసి ఆ దారినే మూయగలగడం వల్ల, నేను ఎంబొలైజేషన్‌కే మొగ్గుతాను.

అపోహ: వెరికోసిల్ ఉంటే లైంగిక సామర్థ్యం పోతుంది.

వాస్తవం: పోదు. అంగస్తంభన సమస్య ఉంటే దానికి విడిగా కారణం వెతకాలి.

అపోహ: చికిత్స అయిన మరుసటి నెలలోనే ఫలితం తెలుస్తుంది.

వాస్తవం: ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అందువల్ల మొదటి వీర్య పరీక్ష మూడు నెలల తర్వాతే చేయిస్తాం. మెరుగుదల ఆరు నెలల వరకూ కొనసాగవచ్చు, కొందరిలో అసలు రాకపోనూ వచ్చు. భార్య వయసు ఎక్కువగా ఉన్నప్పుడు ఇన్ని నెలలు ఆగడం మంచిదా, నేరుగా ఐవీఎఫ్‌కు వెళ్లడం మంచిదా అన్నది సంతాన సాఫల్య వైద్యులతో దంపతులిద్దరూ కూర్చుని, కాథెటర్ వేయడానికి ముందే తేల్చుకోవాలి.