భీమవరం మంచినీళ్ల గొడవ వెనకున్న నూట డెబ్భై ఏళ్ల కథ

భీమవరంలో చాలా ఇళ్లలో వంటింట్లో గ్యాస్ బండ పక్కనే ఇరవై లీటర్ల వాటర్ టిన్ను ఉంటుంది. కుళాయి వస్తుంది, కానీ ఆ నీళ్లు గిన్నెలకీ బట్టలకీ, తాగడానికి మాత్రం టిన్నే. చుట్టూ కాలువలు, డ్రెయిన్లు, చెరువులు, ఇంకాస్త ముందుకెళ్తే ఉప్పుటేరు, ఆ తర్వాత సముద్రం. బయటి నుంచి వచ్చిన చుట్టాలు ఇదేంటండీ ఇన్ని నీళ్లు పెట్టుకుని కొనుక్కు తాగుతున్నారు అంటే ఠక్కున మన నోట్లోంచి వచ్చే మాట "అన్నీ రొయ్యల చెరువులైపోయాయండి". నిజమే గానీ అది సగం నిజం. మిగతా సగం తెలియాలంటే ధవళేశ్వరం దాకా, 1852 దాకా వెనక్కి వెళ్లాలి.

ముందు ఊరి గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. గునుపూడి సోమేశ్వరుడు పంచారామాల్లో ఒకడు, మావుళ్లమ్మ తల్లి ఊరి దేవత, స్వాతంత్ర్య పోరాటం రోజుల్లో గుజరాత్‌లో సత్యాగ్రహం జరిగిన బార్డోలితో పోల్చి రెండో బార్డోలి అని పేరు తెచ్చుకున్న ఊరు. పక్కనే మోగల్లు అల్లూరి సీతారామరాజు వాళ్ల సొంతూరు, అందుకే 2022 జులై 4న ఆయన 30 అడుగుల కంచు విగ్రహం ఇక్కడ పెట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో జిల్లాల విభజనప్పుడు ఏలూరు వేరే జిల్లా అయిపోయి పశ్చిమ గోదావరికి భీమవరం హెడ్‌క్వార్టర్ అయింది. 2011 లెక్కల్లోనే లక్షా నలభై వేల పైన జనం, ఇప్పుడు చుట్టుపక్కల పంచాయతీలు కూడా ఊళ్లో కలిసిపోయినట్టే ఉన్నాయి.

ఇక నీళ్ల సంగతి. 1832-33 కరువులో ఈ ప్రాంతాలన్నీ చితికిపోయాయి, గోదావరి పక్కనే పారుతున్నా పొలాలకి నీళ్లెక్కించే దారి లేదు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. అందరం ఆనకట్ట గురించే చెప్పుకుంటాం గానీ అసలు తెలివి దాని కింద తవ్విన కాలువల్లో ఉంది. పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం దగ్గర నీళ్లు తీసుకుని ఏలూరు కాలువ, నరసాపురం కాలువ, ఉండి కాలువ, వెంకయ్య వయ్యేరు, గోస్తనీ వేల్పూరు, అత్తిలి కాలువ, ఇలా విడగొట్టుకుంటూ వచ్చారు. ఈ కాలువలన్నీ భూమి కాస్త మెరకగా ఉన్న చోట నడుస్తాయి, నీళ్లు రెండు వైపులా పొలాల్లోకి వాటంతట అవే దిగాలి కాబట్టి. రెండు మెరకల మధ్య పల్లంలో డ్రెయిన్ ఉంటుంది. పొలంలో ఎక్కువైన నీళ్లు, వాన నీళ్లు, మురుగు అన్నీ అందులో పడి సముద్రానికి పోవాలి. ఇచ్చేది ఒకటి, తీసుకెళ్లేది ఇంకొకటి, రెండూ కలవకూడదు. డెల్టా ఇన్నాళ్లు బతికింది ఈ ఒక్క పద్ధతి మీదే, ఇప్పుడు చెడింది కూడా ఇదే.

మొదట దెబ్బతిన్నది డ్రెయిన్లే. కాలువకి రైతు కాపలా ఉంటాడు, నీళ్లు రాకపోతే కాలువ నీళ్లు వదిలే లస్కర్ని నిలదీస్తాడు, డ్రెయిన్‌కి అలాంటి దిక్కు ఎవరూ లేరు. గుర్రపుడెక్క పట్టేస్తుంది, పూడిక చేరుతుంది, గట్ల మీద ఇళ్లొస్తాయి. మన యనమదుర్రు డ్రెయిన్‌నే చూడండి, పైనుంచి ఎర్రకాలువ అనే వాగు వరద నందమూరు అక్విడక్టు (వాగూ కాలువా కలవకుండా దాటే కట్టడం) దాటి ఇందులోకే వస్తుంది, భీమవరం నడిబొడ్డు నుంచి పోయి కిందకి దిగుతుంది. వరదొస్తే చేలు మునగడం, సముద్రం పోటు మీదుంటే నీళ్లు కిందకి లాగకపోవడం, ఇవన్నీ చూసి 1964లో మిత్రా కమిటీ వేశారు, డ్రెయిన్లు వెడల్పు చేయాలని చెప్పారు, 1968లో కృష్ణా గోదావరి డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్ కూడా వేశారు. కొంత పని జరిగింది కూడా. తర్వాత ఊళ్లు పెరిగాయి, పైన ఫ్యాక్టరీలు వచ్చాయి, ఊళ్ల మురుగంతా శుద్ధి లేకుండానే ఇందులో వదలడం అలవాటైపోయింది. ఈరోజు వంతెన మీద నిలబడి చూస్తే నల్లగా చిక్కగా కదలకుండా ఉంటుంది, ఎండాకాలం ఆ వాసనకి ముక్కు మూసుకుని దాటాలి. అంటే ఒక్క రొయ్య కూడా లేకపోయినా ఈ డ్రెయిన్ ఇలాగే ఉండేది, అది మనం ఒప్పుకోవాలి.

రొయ్య సంగతికొద్దాం. చేపల చెరువులు ముందు కొల్లేరులో 1970ల చివర్లో మొదలయ్యాయి, శీలావతి, బొచ్చె పెంచి ఐసులో పెట్టి కలకత్తా లారీలు ఎక్కించడం అప్పటి నుంచే. రొయ్య 1980ల చివర్లో వచ్చింది, టైగర్ రొయ్య. ఉప్పు నీళ్లు కావాలి కాబట్టి ఎక్కువగా ఏటి పక్కన, సముద్రం దగ్గర తవ్వారు. రెండు మూడేళ్లు డబ్బు బాగా కనపడింది, 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకి చెరువులే తేలిపోయాయి, పొలం అమ్ముకున్న వాళ్లు చాలామంది. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో గట్టి తీర్పే ఇచ్చింది, వ్యవసాయ భూమిని రొయ్యల చెరువుగా మార్చకూడదని కూడా అందులో రాసింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాక ఆ తీర్పు పదును చాలావరకు పోయింది, పైగా ఆ చట్టం పరిధి పోటు రేఖ (పోటు నీళ్లు చేరే గీత) నుంచి 2 కిలోమీటర్లే. ఈ 2 కిలోమీటర్ల మాట గుర్తు పెట్టుకోండి.

2009లో వనామీ అనే కొత్త రకం రొయ్యకి పర్మిషన్ ఇచ్చారు. నా దృష్టిలో ఆనకట్ట తర్వాత ఈ డెల్టాని అంతగా మార్చింది ఇదే. వనామీకి ఉప్పు తక్కువైనా పర్లేదు, బోరు వేస్తే వచ్చే కాస్త ఉప్పగా ఉండే నీళ్లు, దాంట్లో కాలువ నీళ్లు కలుపుకుంటే చాలు బతుకుతుంది, చదరపు మీటరుకి 60 పిల్లల దాకా వేసుకోవచ్చని రూలే ఉంది. దాంతో రొయ్య సముద్రం ఒడ్డు వదిలి సార్వా దాళ్వా అని ఏడాదికి రెండు వరి పంటలు పండే చేలల్లోకి వచ్చేసింది. వరి కౌలు కంటే చెరువు లీజు ఎన్నో రెట్లు ఎక్కువ, సొంత పొలం ఉన్న ఆసామి టౌన్‌లో కూర్చుని లీజు తీసుకోవచ్చు, ఇక వరి ఎవరు వేస్తారు. వేద్దామన్నా పక్క చెరువు ఊటకి గట్టు చెమ్మగిల్లి చేను చౌడు తేలుతుంది, రెండు పంటలు చూసి ఆ రైతు కూడా పొక్లెయిన్‌ని పిలుస్తాడు. కౌలు రైతులకీ నాట్లేసే ఆడవాళ్లకీ పని పోయింది, చెరువు మీద ఒక కాపలా మనిషి, మేత వేసే మనిషి చాలు.

పట్టుబడి రోజు ఒకసారి చెరువు గట్టు మీద నిలబడి చూస్తే నీళ్ల గొడవంతా అర్థమవుతుంది. తూము పలకలు ఒక్కొక్కటే లేపుతారు, తూముకి కట్టిన వలలో రొయ్య పడుతుంది, కాటా దగ్గర కేజీకి ఎన్ని తూగాయో లెక్కపెట్టి ముప్ఫై కౌంటా యాభై కౌంటా అని రేటు కడతారు, అందరి కళ్లూ అటే. రొయ్య అయిపోయాక అడుగున మిగిలిన నల్ల బురద, కుళ్లిన మేత, మందులు కలిసిన నీళ్లు ఎటు పోతున్నాయో ఎవరూ చూడరు. రూలు ప్రకారం వాటిని ఇంకో చెరువులో నిలవబెట్టి శుద్ధి చేసి వదలాలి. ఎకరం రెండెకరాల చెరువు లీజుకి తీసుకున్నవాడు అందులో కొంత ఖాళీగా ఎందుకు వదులుతాడు? దగ్గర్లో డ్రెయిన్ ఉంటే డ్రెయిన్‌లోకి, లేకపోతే పొలాలకి నీళ్లిచ్చే పంట బోదెలోకే (చిన్న కాలువ). ఆ బోదె నీళ్లే కింద శివారు ఊళ్లో మంచినీళ్ల చెరువుకి చేరతాయి. ఏప్రిల్‌లో దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు, జూన్ దాకా ఆ చెరువులో నింపుకున్నదే దిక్కు, చివరి తడి ఎలాంటి నీళ్లొస్తే వేసవంతా అవే.

జనం ఊరుకోలేదు. తుందుర్రు దగ్గర ఆక్వా ఫుడ్ పార్క్ కడుతుంటే తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి ఊళ్ల వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు, 144 సెక్షన్ పెట్టారు, ఆడవాళ్ల మీద కూడా కేసులయ్యాయి. వాళ్ల భయం గొంతేరు డ్రెయిన్ గురించే, పార్క్ నుంచి వచ్చే వ్యర్థ నీళ్లు అందులో కలపకుండా పైపులో సముద్రానికి పంపించాలని అడిగారు. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో వ్యర్థాల ట్యాంకు దగ్గర ఐదుగురు కూలీలు చనిపోయాక వాళ్ల భయం ఉత్తిది కాదని మిగతా వాళ్లకీ తెలిసింది.

2020లో రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చింది, 2 కిలోమీటర్లు దాటి లోపలున్న చెరువులకి కూడా లైసెన్సు ఉండాలని. అప్పటికే తవ్వాల్సిన చెరువులు చాలావరకు తవ్వేశారు. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు రొయ్య రేటు పడిపోయి జిల్లా అంతా గగ్గోలు పెట్టింది, ఒక్క దేశం కొనకపోతే ఇంత కుదేలైపోయే పంట కోసం తాగే నీళ్లు వదులుకున్నామా అని నాకు బాధేసింది. రైతుని తప్పుపట్టలేను, వరిలో మిగలదని ప్రభుత్వాలకీ తెలుసు.

ఇప్పుడు ఊళ్లో అందరూ అడిగేది గోదావరి నుంచి నేరుగా పైపులో మంచినీళ్లు. రావాలి, ఎంత తొందరగా వస్తే అంత మంచిది. కానీ పైపు వస్తే కాలువ నీళ్లు ఎలా పోయినా మనకేంటి అన్న ధోరణి వస్తుందేమో అని నా భయం, పశువులూ చేలూ శివారు ఊళ్లూ ఇంకా ఆ కాలువ మీదే ఉన్నాయి. చెరువుల నీళ్లకి వేరే దారి తవ్వకుండా, మురుగుకి శుద్ధి ప్లాంటు లేకుండా ఒక్క పైపుతో ఇది తేలదు. ఈసారి కాలువలు కట్టేశాక పూడికతీత పనుల లిస్టు మీ నీటి సంఘం దగ్గర అడిగి చూడండి, అందులో డ్రెయిన్ల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, లేకపోతే ఎందుకు లేవని అక్కడే అడగండి.